మంత్రి గారూ, జిల్లాకో ఎలక్ట్రానిక్ సెట్ ఇప్పించండి: ఒక తైక్వాండో కోచ్ బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ క్రీడల శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను రాయలసీమలో ఒక చిన్న టౌన్‌లో పిల్లలకు తైక్వాండో నేర్పిస్తాను. పొద్దున జూనియర్ కాలేజీ గ్రౌండ్‌లో, సాయంత్రం ఒక ఫంక్షన్ హాల్లో క్లాసులు నడుస్తాయి, ముహూర్తాలు మొదలైతే హాలు దొరకదు కాబట్టి సాయంత్రం క్లాసు ఉండదు. అడగాల్సింది ముందే అడిగేస్తాను సార్. ఉమ్మడి జిల్లాకు ఒకటి చొప్పున 13 ఎలక్ట్రానిక్ స్కోరింగ్ సెట్లు (కిక్ తగిలిందో లేదో మెషీనే చూసి పాయింట్ వేసేవి), వాటితో పాటు పరుచుకోవడానికి పోటీ మ్యాట్లు కొనివ్వండి. కొన్నాక అవి ఏ స్టేడియం స్టోర్‌రూంలోనో తాళం కింద పడి ఉండకుండా జిల్లాలో ఆడే పిల్లలందరికీ అందేలా చూడండి. కొత్త స్టేడియం కట్టమని అడగడం లేదు. ఎందుకు ఇదొక్కటే పట్టుకున్నానో చెప్పాలంటే ఆట లోపలి సంగతి కొంచెం చెప్పాలి, ఓపిగ్గా చదవండి.

బయట నుంచి చూసేవాళ్లకి తైక్వాండో అంటే తెల్ల డ్రెస్సుల్లో ఇద్దరు ఎగిరెగిరి తన్నుకోవడమే. దాని లెక్క చాలా కచ్చితంగా ఉంటుంది. ఒంటి మీద పంచ్‌కి 1 పాయింట్, కిక్‌కి 2, తల మీద కిక్‌కి 3, గిర్రున తిరిగి కొడితే ఒంటికి 4, తలకి 5. రెండేసి నిమిషాల రౌండ్లు మూడు, అందులో రెండు ఎవరు గెలిస్తే వాళ్లదే మ్యాచ్. ఇందులో కిక్‌లు పడ్డాయో లేదో చూసేది ఇప్పుడు మనిషి కన్ను కాదు సార్, మెషీన్. చెస్ట్ గార్డ్‌లో సెన్సర్లుంటాయి, కాలికి వేసుకునే సాక్స్‌లో పాదం మీద అక్కడక్కడ అయస్కాంతాలు పెట్టి ఉంటాయి. ఆ అయస్కాంతం ఉన్న చోటే గార్డ్‌కి తగలాలి, దెబ్బ బలం ఆ వెయిట్ కేటగిరీకి పెట్టిన హద్దు దాటాలి, రెండూ కుదిరితేనే స్క్రీన్ మీద అంకె మారుతుంది. మూలల్లో కూర్చున్న జడ్జిలు పంచ్‌లకీ, తిరిగి కొట్టినందుకు వచ్చే అదనపు పాయింట్లకీ మాత్రమే బటన్ నొక్కుతారు. ఒలింపిక్స్‌లో ఈ పద్ధతి 2012 లండన్ నుంచి ఉంది, 2016 రియోలో హెడ్ గార్డ్‌కి కూడా సెన్సర్ వచ్చింది. అంటే ఇదేదో నిన్నమొన్న వచ్చిన కొత్త వస్తువని అనుకోవడానికి లేదు.

మా దగ్గర ఉన్నవి మామూలు గార్డులు. మామూలు గార్డ్ మీద పిల్లలకి అలవాటయ్యేది చప్పుడు. ఠాప్‌మని మోగితే జడ్జి చెయ్యి కదులుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు, పిల్లకి కూడా పాయింట్ పడిందని నమ్మకం కలుగుతుంది. అందుకని వెనక కాలు బాగా ఊపి, నడుము మొత్తం తిప్పి, పాదం పరిచి కొడతారు, చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది. ఆ పిల్లని తీసుకెళ్లి నేషనల్స్‌లో నిలబెడితే ఎదురుగా హర్యానా నుంచో మణిపూర్ నుంచో వచ్చిన అమ్మాయి ముందు కాలు పైకెత్తి, అసలు కిందకి దించకుండా, అలా గాల్లోనే ఉంచి ఆడుతుంది. మనవాళ్లు దగ్గరికి వస్తే ఆ కాలితోనే నెట్టేస్తుంది, ఇంకా దగ్గరికి వచ్చి ఒళ్లూ ఒళ్లూ తగులుతుంటే మడమ మెలిపెట్టి, పాదం లోపలి అంచుతో గార్డ్‌ని అలా తాకిస్తుంది. చప్పుడే రాదు. స్క్రీన్ మీద 2 పడుతుంది.

నా స్టూడెంట్ ఒకమ్మాయి, బట్టల షాపులో పనిచేసే ఆయన కూతురు, రాష్ట్రంలో గోల్డ్ కొట్టి నేషనల్స్‌కి వచ్చింది. మొదటి రౌండ్‌లో ఆమె కొట్టిన కిక్‌ల మోత గ్యాలరీ దాకా వినిపించింది. స్క్రీన్ మీద సున్నా. కొట్టగానే తలతిప్పి స్క్రీన్ వైపు చూస్తుంది, అంకె మారదు, మళ్లీ కొడుతుంది, మళ్లీ చూస్తుంది. నాలుగోసారో ఐదోసారో అలా చూస్తున్నప్పుడే తల మీద కిక్ పడింది. కోచ్ చేతిలో వీడియో రివ్యూ కార్డ్ ఒకటి ఉంటుంది సార్, కానీ ఒంటి మీద కిక్‌కి మెషీన్ పాయింట్ ఇవ్వలేదని ఆ కార్డ్ ఎత్తడానికి రూల్ ఒప్పుకోదు. కుర్చీలో కూర్చుని ‘చూడొద్దమ్మా, చూడొద్దు, కాలెత్తు’ అని అరవడం తప్ప నేను చేయగలిగింది లేదు. బయటికొచ్చాక ఏడవలేదు, ‘సార్, నా సాక్స్ పనిచేయలేదా?’ అని అడిగింది. సాక్స్ పనిచేశాయి. అవి వేసుకుని కొట్టడం ఆ అమ్మాయికి అదే మొదటిసారి. గట్టు మీద ఈత నేర్పించి ఏట్లోకి తోసినట్టే కదా సార్ ఇది.

ఆ సాక్స్ గురించి కూడా చెప్పాలి. జత వేలల్లో ఉంటుంది, పిల్లలు పెరుగుతుంటారు కాబట్టి ఏడాది తిరిగేసరికి సైజు చాలదు. పైగా ఒక కంపెనీ సాక్స్ ఇంకో కంపెనీ గార్డ్‌కి పనిచేయవు, ఏ పోటీలో ఏ సెట్ పెడతారో ముందు తెలియదు. దాంతో ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి ఒకే జత వాడతారు. ఒకరి ఫైట్ అవ్వగానే చెమటతో తడిసిన సాక్స్ విప్పి పక్కవాళ్ల చేతికిస్తారు, వాళ్లు పరుగున వెళ్లి అవే తొడుక్కుని కోర్టులోకి దిగుతారు. పెద్ద సైజు సాక్స్ చిన్న పాదానికి వేస్తే అయస్కాంతాలు పక్కకి జరిగిపోతాయి, సరిగ్గా కొట్టినా పాయింట్ రాదు. ఇదంతా పిల్లల ప్రతిభకి సంబంధించిన విషయమేనా, మీరే చెప్పండి.

మ్యాట్ సంగతీ అంతే. పోటీ జరిగేది 8 మీటర్ల వెడల్పున్న అష్టకోణంలో. గీత దాటితే గామ్‌జం అంటారు, అవతలివాళ్లకి 1 పాయింట్ వెళ్తుంది, కింద పడినా, పట్టుకున్నా, ఆడకుండా వెనక్కి వెనక్కి పోయినా అదే శిక్ష, ఒక రౌండ్‌లో ఐదు పడితే ఆ రౌండే పోతుంది. ఫంక్షన్ హాల్ గ్రానైట్ మీద చాక్‌పీసుతో గీత గీసుకుని ఆడే పిల్లలకి ఆ గీత కాలికి తెలియాలంటే ఎలా తెలుస్తుంది? గ్రానైట్ మీద పడితే మోకాలి చిప్ప పగులుతుందని భయపడి సగం మంది ఎగిరి కొట్టడమే మానేస్తారు. వాళ్ల అమ్మలకి ఉన్న టెన్షన్ గురించి ఇక చెప్పక్కర్లేదు.

ఇది పెద్ద దేశాలవాళ్ల ఆట, మనవల్ల కాదు అనేవాళ్లు మీ శాఖలోనూ ఉండొచ్చు. ఒలింపిక్ చరిత్రలో అఫ్గానిస్తాన్‌కి ఉన్న రెండు పతకాలూ తైక్వాండోవే, 2008లో ఒకటి, 2012లో ఒకటి, రెండూ రోహుల్లా నిక్పాయ్ తెచ్చినవే. జోర్డాన్‌కి అసలు మొట్టమొదటి ఒలింపిక్ పతకం 2016 రియోలో తైక్వాండోలో వచ్చింది, అదీ స్వర్ణం. ఐవరీ కోస్ట్ మొదటి స్వర్ణం కూడా అదే ఒలింపిక్స్‌లో ఇదే ఆటలో. వియత్నాం మొదటి పతకం 2000 సిడ్నీలో, మళ్లీ ఇదే ఆట. థాయ్‌లాండ్ అమ్మాయి పానిపాక్ 49 కిలోల విభాగంలో టోక్యోలో, పారిస్‌లో వరసగా రెండు స్వర్ణాలు గెలిచింది. 49 కిలోలు అంటే మన కస్తూర్బా స్కూళ్లలో ఏ క్లాసులో చూసినా కనిపించే అమ్మాయిలే సార్! సిడ్నీలో ఈ ఆట పతకాల జాబితాలోకి వచ్చిన దగ్గర్నుంచి పారిస్ దాకా మన దేశం నుంచి ఒక్కరు కూడా ఒలింపిక్స్‌కి అర్హత సాధించలేదు. 2002 బూసాన్ ఆసియా క్రీడల్లో సురేంద్ర భండారి కాంస్యం తెచ్చాడు. టోక్యో పారాలింపిక్స్‌కి వెళ్లిన అరుణా తన్వర్ ఆ వేదిక మీద తైక్వాండో ఆడిన మొదటి భారతీయురాలు. మనకి చెప్పుకోవడానికి ఉన్న పేర్లు ఇలాంటివి కొన్నే.

కస్తూర్బా స్కూళ్ల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా వినండి. ప్రభుత్వ స్కూళ్లలో ఆడపిల్లలకి ఆత్మరక్షణ శిక్షణ అని రాణీ లక్ష్మీబాయి పేరుతో మూడు నెలల కార్యక్రమం ఉంది, మాలాంటివాళ్లే వెళ్లి కరాటేనో తైక్వాండోనో నేర్పిస్తారు. మంచి కార్యక్రమం, కాదనను. కానీ ఆ మూడు నెలల్లో ప్రతి స్కూల్లోనూ ఒకరిద్దరు కనిపిస్తారు. పొడుగు కాళ్లు, భయం లేని కళ్లు, ఒకసారి చూపిస్తే చాలు పట్టేస్తారు. మూడు నెలలు అవ్వగానే ఫొటో, సర్టిఫికెట్, అంతటితో సరి. ఆ పిల్ల పేరు ఎక్కడా రాసుకోరు. జిల్లా కేంద్రంలో మ్యాట్, సెట్ ఉంటే ఆ ఒకరిద్దరిని సెలవుల్లో పిలిపించి ఆడించవచ్చు, హాస్టల్ వార్డెన్‌కి ఒక ఉత్తరం చాలు.

ఇక సర్టిఫికెట్ల గొడవ. 2024లో వచ్చిన క్రీడా విధానంలో ఉద్యోగాల్లో క్రీడా కోటాని 2 నుంచి 3 శాతానికి పెంచారు, మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. అయితే కోటా విలువ పెరిగిన కొద్దీ సర్టిఫికెట్‌కి గిరాకీ పెరుగుతుంది. మా ఆటలో అసోసియేషన్ల తగాదాలు ఢిల్లీ దాకా, కోర్టుల దాకా వెళ్లినవే, ఒకే ఊళ్లో ఒకే నెలలో రెండు ‘జిల్లా స్థాయి’ పోటీలు జరగడం నేను చూశాను, కేటగిరీలో ఒక్కరే ఉంటే ఆ ఒక్కరికీ గోల్డ్ ఇచ్చి పంపడమూ చూశాను. ప్రతి పోటీ తర్వాత ఎవరో ఒక నాన్న నన్ను పక్కకి పిలిచి ‘ఇది చెల్లుతుందా సార్?’ అని అడుగుతాడు. 2025 ఉత్తరాఖండ్ జాతీయ క్రీడల్లో ఏమైందో మీకు తెలిసే ఉంటుంది. తైక్వాండో పోటీలు మొదలవకముందే స్వర్ణానికి 3 లక్షలు, రజతానికి 2 లక్షలు, కాంస్యానికి లక్ష అని రేట్లు కట్టారన్న ఆరోపణలు వచ్చి పోటీల డైరెక్టర్‌నే మార్చాల్సి వచ్చింది. ఆ వార్త చదివిన రోజు మా పిల్లలు ప్రాక్టీస్‌కి వచ్చి ఏమీ మాట్లాడలేదు, నేనూ ఏం మాట్లాడాలో తెలియక వార్మప్ మొదలుపెట్టించాను.

మెషీన్ పెట్టినంత మాత్రాన మోసం పోతుందని నేను అనడం లేదు. ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే డ్రాలో చేయొచ్చు, తూకంలో చేయొచ్చు. కానీ అందరికీ కనిపించేలా స్క్రీన్ మీద స్కోర్ ఉన్నప్పుడు జడ్జి ఇష్టానికి వదిలేసేది చాలా తగ్గిపోతుంది. అందుకే ఈ సెట్లు కొన్నాక ఒక జీవో ఇవ్వండి సార్. ఎలక్ట్రానిక్ స్కోరింగ్ మీద, ముందురోజే డ్రా గోడకి అంటించి జరిపిన పోటీ సర్టిఫికెట్‌కే క్రీడా కోటాలో విలువ అని. ఆ పోటీల జాబితా ఏడాది మొదట్లోనే మన రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ (శాప్) వెబ్‌సైట్‌లో పెట్టండి. ఆ నాన్నలు నన్ను పక్కకి పిలవాల్సిన పని ఉండదు.

తూకం అన్నాను కదా, దాని గురించి నిజంగా బాధ ఉంది. సెలెక్షన్‌కి రెండు రోజుల ముందు నుంచి పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు అన్నం మానేస్తారు. తెల్లవారుజామున స్వెట్టర్ మీద స్వెట్టర్, దాని మీద రెయిన్‌కోటు వేసుకుని గ్రౌండ్ చుట్టూ పరుగు. కర్నూలు ఎండల్లో సార్. నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తారు, మింగరు. కాటా ఎక్కే ముందు నోట్లో ఊరిన ఉమ్ము కూడా బాటిల్‌లో ఉమ్ముతూ కూర్చున్న పిల్లాణ్ని వేరే టీమ్‌లో చూశాను, వాళ్ల కోచ్‌తో గట్టిగా గొడవ పెట్టుకున్నాను. అంతర్జాతీయ పోటీల్లో ముందురోజు తూస్తారు, పోటీ రోజు పొద్దున లాటరీలో కొందరిని పిలిచి మళ్లీ తూస్తారు, పరిమితి కంటే 5 శాతం మించి ఉంటే ఆడనివ్వరు. విపరీతంగా బరువు దించి రాత్రికి రాత్రి పెంచుకునే పని ఆపడానికే ఆ నిబంధన. మన దగ్గర పిల్లల పోటీల్లో కూడా ఇది పెట్టించండి, తూకం దగ్గర ఒక డాక్టర్ని కూర్చోబెట్టండి. కళ్లు లోపలికి పోయిన పిల్లలతో తల మీద కిక్‌లు ఉండే ఆట ఆడించకూడదు.

సెట్ కొనిస్తే దాన్ని ఎవరు నడుపుతారు, రిపేర్ వస్తే ఎలా అని మీ అధికారులు అడుగుతారు, అడగాలి కూడా. దానిలో ఉండేది గార్డులు, వాటి ట్రాన్స్‌మిటర్లు, ఒక రిసీవర్, జడ్జిల బటన్లు, ఒక ల్యాప్‌టాప్. జిల్లాకు ఇద్దరు పీఈటీలకి, ఇద్దరు కోచ్‌లకి శిక్షణ ఇస్తే చాలు. బ్యాటరీలు తీసి దాచడం, చెమట తుడిచి ఆరబెట్టడం పిల్లలే నేర్చుకుంటారు, పెద్దవాళ్ల కంటే జాగ్రత్తగా చూసుకుంటారు. ఏ క్లబ్‌కి ఏ రోజు అని ఒక టైంటేబుల్ వేసి స్టేడియం గేటు దగ్గర అంటించండి, కొట్టుకోకుండా వాడుకుంటాం. సెట్ ఖరీదు లక్షల్లో ఉంటుంది కాబట్టే మాలాంటి క్లబ్బులు కొనలేకపోతున్నాయి, మా దగ్గరికి వచ్చేది ఆటో నడిపేవాళ్ల పిల్లలు, టిఫిన్ బండి పెట్టుకున్నవాళ్ల పిల్లలు. నెల ఫీజే కొందరి దగ్గర అడగలేం.

చివరగా, మీరు ఒప్పుకుని టెండర్ పిలిచే రోజు వస్తే స్పెసిఫికేషన్ రాసేటప్పుడు జిల్లాల నుంచి నలుగురైదుగురు కోచ్‌లని ఒక పూట విజయవాడ పిలవండి, బస్సు ఛార్జీలు మేమే పెట్టుకుంటాం. ఎందుకంటే పెద్దవాళ్ల సైజు గార్డులు కొనేసి చేతులు దులుపుకునే ప్రమాదం ఉంది. అండర్-14 పిల్లలకి పెద్ద గార్డ్ కడితే అది తొడల దాకా దిగుతుంది, కాలెత్తడానికి అడ్డం వస్తుంది, కొట్టిన చోట సెన్సర్ ఉండదు. అన్ని సైజుల్లో గార్డులు, ప్రతి సైజులో కనీసం రెండు జతల సాక్స్, విడి బ్యాటరీలు, మూడేళ్ల సర్వీసు, ఇవి నాలుగూ టెండర్‌లో ఉండేలా చూడండి.

ఇట్లు,
రాయలసీమ నుంచి ఒక తైక్వాండో కోచ్