కొల్హాపూర్ కోపం నరసాపురం దాకా రావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. కొల్హాపురి చెప్పుల కోసం ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా చేసుకున్న ఒప్పందం గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. 2025 జూన్‌లో మిలాన్ ప్రదర్శనలో ఆ చెప్పులు ఊరూ పేరూ లేని తోలు శాండల్స్‌గా కనిపించడం, మహారాష్ట్ర భగ్గుమనడం, కంపెనీ దిగివచ్చి అవి భారతీయ చేతిపని నుంచి వచ్చినవేనని ఒప్పుకోవడం, డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటకల ప్రభుత్వ తోలు సంస్థలైన లిడ్‌కామ్, లిడ్‌కర్‌లతో 2,000 జతలకు కుదిరిన ఒప్పందం, జతకు సుమారు 800 యూరోల ధర, అన్నీ వివరంగా రాశారు. మనవాళ్లు గెలిచారన్న ధోరణిలో వ్యాసం ముగించారు. నా అభ్యంతరం అక్కడే.

ఆ గెలుపు చెప్పులకే సాధ్యమైంది. చెప్పుకి ఒక ఆకారం ఉంది, చూసిన ఎవరైనా గుర్తుపడతారు. మహారాష్ట్రలో నాలుగు, కర్ణాటకలో నాలుగు జిల్లాలకు కలిపి 2019లోనే జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందన్న హక్కు, వచ్చింది. ఆ హక్కు ఎవరిదో కాగితం మీద ఉంది. ఇంత ఉండి కూడా, ప్రాడా మీద కొందరు న్యాయవాదులు వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని బొంబాయి హైకోర్టు కొట్టేసింది. నష్టం జరిగిందనుకుంటే జీఐ హక్కుదారులే రావాలి కదా అంది.

మరి బట్ట మీద చేసే పని సంగతేమిటి? ముంబయిలో అడ్డా (బట్ట బిగించే చట్రం) ముందు కూర్చుని కొక్కెం లాంటి ఆరీ సూదితో పూసలూ చమ్కీలూ కుట్టే కారీగర్లలో (చేతిపనివాళ్లలో) చాలామంది బిహార్, బెంగాల్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వలస వచ్చినవాళ్లు. వాళ్లు కుట్టిన ముక్కలు పారిస్‌కో మిలాన్‌కో వెళ్తాయి. అక్కడ వాటిని గౌనుగా కలిపి కుట్టి ‘మేడ్ ఇన్ ఫ్రాన్స్’ అనో ‘మేడ్ ఇన్ ఇటలీ’ అనో పట్టీ వేస్తారు. చివరి ముఖ్యమైన తయారీ ఎక్కడ జరిగితే ఆ దేశం పేరు వేసుకోవచ్చు కాబట్టి చట్టం ప్రకారం అందులో తప్పు లేదు. నెలల తరబడి కుట్టినవాడి ఊరు మాత్రం ఎక్కడా కనపడదు. దీన్ని దొంగతనం అనను. ఆర్డరు ఇచ్చారు, డబ్బిచ్చారు, ఆ ఆర్డర్ల మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. ఫేస్‌బుక్‌లో ‘మన కళను దోచుకున్నారు’ అని వీరంగం వేసేవాళ్ల మాట విని రేపు ఆ కంపెనీలు వేరే దేశం చూసుకుంటే పస్తులుండేది ఆ కారీగరే.

కుట్టినవాళ్ల పేరు చెబితే పరువేమీ పోదని ఆ కంపెనీలే చూపించాయి. 2023 మార్చి 30న ముంబయి గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు ఫ్రాన్స్ ఫ్యాషన్ కంపెనీ డియోర్ ప్రదర్శన జరిగినప్పుడు, ఎంబ్రాయిడరీ చేసిన ముంబయి సంస్థ చాణక్య పేరు అందరికీ తెలిసేలా చెప్పారు. దానివల్ల డియోర్ బట్టల ధర రూపాయి కూడా తగ్గలేదు. అదే డియోర్ 2025 జూన్‌లో పారిస్‌లో లక్నో ముకైష్ పనితో (లోహపు తీగలతో చేసే ఎంబ్రాయిడరీతో) ఒక కోటు చూపించింది. ధర రెండు లక్షల డాలర్లని వార్తలొచ్చాయి. లక్నో ఊసు లేదని మనవాళ్లు నొచ్చుకున్నారు. అంటే పేరు చెప్పడం ఇప్పటికీ వాళ్ల దయ మీదే ఉంది. పని పరిస్థితులూ అంతే. ముంబయి ఎంబ్రాయిడరీ కార్ఖానాల భద్రత కోసం 2016లో కొన్ని యూరప్ కంపెనీలు ‘ఉత్థాన్’ అనే ఒప్పందం చేసుకున్నాయి. 2020లో న్యూయార్క్ టైమ్స్ విలేకరులు వెళ్లి చూస్తే, ఇరుకు గదుల్లో, ఏ భద్రతా లేకుండా కుట్టేవాళ్లు కనిపించారు. ఆ ఒప్పందానికి చట్టబద్ధత లేదు మరి.

ఇదంతా ముంబయి, లక్నోల గొడవ అనుకుంటున్న పాఠకులకు మా నరసాపురం సంగతి చెప్పాలి. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక గోదావరి డెల్టా పల్లెల్లో ఇంటింటికీ పాకింది. ఒకే కొక్కెం సూదితో అల్లే ఈ అసలైన క్రోషా అల్లికను అల్లే యంత్రం ఇప్పటికీ మార్కెట్లో లేదు. ర్యాంప్ మీద కనిపించే క్రోషా గౌను వెనకా, హైదరాబాద్ మాల్‌లో వేలాడే టాపు వెనకా ఒక మనిషి చెయ్యి ఉండి తీరాల్సిందే. అందులో మా వైపు ఆడవాళ్ల వాటా ఎంతో ఎవరికీ తెలియదు. తెలియకపోవడానికి కారణం పని జరిగే తీరు. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు. పువ్వులు అల్లేది ఒకరు, అతుకుపని చేసేది ఇంకొకరు. మొత్తం బట్టగా తయారయ్యేసరికి అది ఎవరిదో అల్లినవాళ్లే చెప్పలేరు. మా పిన్ని జీవితమంతా లేసు అల్లింది. అది ఏ దేశం వెళ్లిందో, అక్కడ ఎంతకు అమ్మారో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆవిడా అడగలేదనుకోండి, అడిగితే మర్నాడు దారం కట్ట పక్కింటికి వెళ్తుంది.

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మా ఊళ్ల మీద చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే ఆడవాళ్లను ‘తీరిక వేళల్లో ఏదో కాలక్షేపానికి అల్లే గృహిణులు’గా చూపించడం వల్లే వాళ్లకు కూలీ అన్న గుర్తింపూ, కూలీకి తగ్గ రేటూ రాలేదని ఆమె తేల్చారు. నలభై ఏళ్లు దాటినా మా వీధి అరుగుల మీద కూర్చుంటే మీకు వినిపించేది ఆ మాటే: “ఖాళీగా కూర్చోకుండా ఏదో అల్లుకుంటున్నాం.”

మన పట్టణాల్లోనూ తక్కువేమీ తినలేదు. విజయవాడలో, హైదరాబాద్‌లో పెళ్లి జాకెట్టుకి మగ్గం వర్క్ చేయించని ఇల్లుందా? బటర్ పేపర్ మీద డిజైన్‌కి చిల్లులు పొడిచి, తెల్లపొడి కిరసనాయిల్లో కలిపి బట్ట మీదికి దించడం దగ్గర్నుంచి కుందన్ అంటించేదాకా వెనక గదిలో చేసిన మనిషి మనకు కనపడడు. బొటిక్ పేరే చెప్పుకుంటాం. పారిస్ వాళ్లను అడిగే ముందు ఆ వెనక గదికి ఓసారి వెళ్లి రేటు అడిగితే బాగుంటుంది.

చేయవలసినవి ఉన్నాయి, అసాధ్యమైనవేమీ కావు. నరసాపురం క్రోషా లేసుకు 2024లో జీఐ వచ్చింది. సన్మానాలయ్యాయి, ఫొటోలు దిగారు. కానీ మన జీఐ మన దేశంలోనే చెల్లుతుంది. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన చట్టంతో, అక్కడ ఇంతకాలం వైన్‌కూ చీజ్‌కూ ఉన్న జీఐ రక్షణ 2025 డిసెంబరు 1 నుంచి చేతిపనులకూ వర్తిస్తోంది. బయటి దేశాల ఉత్పత్తిదారులూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది రక్షించేది పేరునే, అల్లికను కాదన్న మాట నిజమే. చైనాలో క్రోషా అల్లకుండా ఎవరూ ఆపలేరు. అయినా పేరుకి అక్కడ విలువ రావాలంటే మొదటి మెట్టు అదే. పోచంపల్లి ఇకత్‌కూ ఇదే దారి ఉంది, తెలంగాణ ప్రభుత్వమూ ఆలోచించాలి.

రెండోది ఢిల్లీ చేతిలో ఉంది. చేతివృత్తులవాళ్లకు సాయం చేసేందుకు 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. దర్జీ ఉన్నాడు, పూలదండలు కట్టేవారున్నారు, చేపల వలలు అల్లేవారున్నారు. ఎంబ్రాయిడరీ చేసేవారూ లేసు అల్లేవారూ లేరు. వల అల్లితే వృత్తి, లేసు అల్లితే కాలక్షేపం అన్న లెక్క ఎవరు వేశారో గానీ, దాన్ని సవరించమని మన ఎంపీలు ఒక్క ఉత్తరమైనా రాయాలి. ఎగుమతిదారులు కూడా ముక్కకు ఎంత ఇస్తున్నారో ఊళ్లో బోర్డు పెట్టి రాయాలి. దీనికి చట్టం అక్కర్లేదు, మనసుంటే చాలు. ఆ మనసు ఎంతమందికి ఉందన్న అనుమానం నాకుంది.

మీ విలేకరులను ఒక పని అడుగుతున్నాను. చేనేత జౌళి శాఖకు వెళ్లి, నరసాపురం లేసు కోసం యూరప్‌లో దరఖాస్తు పెట్టారా, పెట్టకపోతే ఎవరు పెట్టాలి, ఎప్పటిలోగా అని కనుక్కోండి. వచ్చిన జవాబు, ఏ జవాబూ రాకపోతే ఆ సంగతైనా సరే, ప్రచురించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నరసాపురం, పశ్చిమ గోదావరి జిల్లా