అర్ధరాత్రి మా పక్కన నిలబడిన సిస్టర్లకు కృతజ్ఞతలు

గత నెలలో ఒక అర్ధరాత్రి, గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో జ్వరంతో పడుకున్న మా రెండున్నరేళ్ల పాపకు ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి ఎంతకీ తగ్గకపోవడంతో, 108 వాహనంలో పిల్లల ఆసుపత్రికి తీసుకువెళ్లాము. వైద్యం చేసిన డాక్టర్లకు ఆ రోజే చేతులెత్తి నమస్కరించాను. ఈ నాలుగు మాటలు మాత్రం క్యాజువాలిటీలో మా కోసమే నిలబడిన నర్సు గారికీ, ఆమెకు ఆ పని నేర్పిన సీనియర్ సిస్టర్లకూ రాస్తున్నాను.

మూడేళ్ల క్రితం మా బాబుకు ఆయాసం వచ్చినప్పుడు మరో ఆసుపత్రిలో మమ్మల్ని బయటికి పంపి తలుపు వేశారు. ముప్పావు గంటసేపు లోపలి సంగతి చెప్పిన వారు లేరు. ఆ అలవాటుతో ఈసారీ గుమ్మం దగ్గరే ఆగిపోయిన నా భార్యను, "అమ్మా, లోపలికి రండి, కాళ్ల వైపు నిలబడి పాప పాదం పట్టుకుని పేరు పెట్టి పిలుస్తూ ఉండండి" అంటూ ఆ సిస్టర్ తీసుకువెళ్లారు. ఆమె సూది పట్టలేదు, సెలైన్ ముట్టుకోలేదు. ముక్కులోకి కొట్టిన మందు మిడజోలం అనీ, అది ఫిట్స్ ఆపడానికనీ, తరువాత పాప మత్తుగా నిద్రపోతే బెదరవద్దనీ, ఏది జరుగుతుంటే అది అప్పుడే చెప్పడమే ఆమె పని. "ఏమీ కాదులెండి" అని ఒక్కసారి కూడా అనలేదు. తెలియనిదానికి "డాక్టరు గారు చూసి చెబుతారు" అన్నారు. ఆ నిజాయితీయే మాకు ధైర్యమిచ్చింది.

మా అమ్మ పాప గుప్పిట్లో తాళంచెవులు పెట్టిన విషయం విని ఆ సిస్టర్ ఎగతాళి చేయలేదు. మర్నాడు పక్కన కూర్చోబెట్టుకుని, ఫిట్స్ వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలనీ, నోట్లో ఏమీ పెట్టకూడదనీ, గడియారం చూసుకుని 5 నిమిషాలు దాటితే ఆగకుండా 108కి ఫోన్ చేయాలనీ వివరించారు.

ఇదంతా ఆమె స్వభావమనుకున్నాను. డిశ్చార్జి రోజున అడిగితే, శిక్షణ అని చెప్పారు. ఒక నర్సు ఏడుస్తున్న తల్లిగా, మరొకరు తల్లితో మాట్లాడే సిస్టర్‌గా నటిస్తూ సాధన చేయించారట. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఒక ఆసుపత్రి 1982లోనే ఇలా బంధువులను లోపలికి రానివ్వడం మొదలుపెట్టిందనీ, 1993లో ఆ దేశపు అత్యవసర నర్సుల సంఘం దానిని సమర్థిస్తూ తీర్మానం చేసిందనీ కూడా చెప్పారు. వైద్యానికి అడ్డం వస్తారేమోనని ఇక్కడి సిబ్బంది మొదట సందేహించారట, అది సహజమే. నా భార్య తట్టుకోలేకపోతే బయటికి తీసుకువెళ్లి, ఆమె వెంటే ఉండవలసిన బాధ్యత కూడా ఆ సిస్టర్‌దేనని అప్పుడు తెలిసింది.

రాత్రి డ్యూటీలో మనుషులు తక్కువగా ఉన్నా ఒకరిని పూర్తిగా మాకే కేటాయించిన ఇన్‌ఛార్జి సిస్టర్ గారికి మరీ మరీ నమస్కారాలు. పాప ఇప్పుడు బాగుంది. వచ్చే వారం చూపించడానికి వెళ్లినప్పుడు, సిస్టర్ గారిని చూడాలని మా అమ్మ కూడా వస్తానంటోంది.