పద్నాలుగు మంది పిల్లలు, నాలుగు రోజులు, ఒక అనుమతి కాగితం

గౌరవనీయులైన ఒడిశా అటవీ శాఖ మంత్రి గారికి,

పర్లాకిమిడి నుంచి ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు నమస్కరించి రాసుకుంటున్న ఉత్తరం. ఒడియా ప్రతిని మీకు రిజిస్టర్డ్ పోస్టులో వేశాను. ఈ తెలుగు ప్రతి మా ఊరివాళ్ల కోసం, సరిహద్దు దాటగానే ఆంధ్రలో వచ్చే పాతపట్నం వాళ్ల కోసం. మహేంద్రగిరి మా గజపతి జిల్లాలో ఉన్నా ఆ కొండ ఇద్దరిదీ.

రెండేళ్ల కిందట డిసెంబరులో పద్నాలుగు మంది పిల్లల్ని నాలుగు పగళ్లు, మూడు రాత్రులు మహేంద్రగిరి అడవుల్లో నడిపించాం. తొమ్మిదో తరగతి నుంచి ప్లస్ టూ దాకా చదివేవాళ్లు, అందులో ఆరుగురు ఆడపిల్లలు. నాతో ఒక రిటైర్డ్ నర్సమ్మ, ఒక లెక్కల టీచరమ్మ, దారి చూపడానికి ఆ కొండల్లోని సవర గిరిజన కుర్రాళ్లు ఇద్దరు. అప్పుడు నోటి మాటతోనే పని జరిగిపోయింది. నిరుడు పద్ధతిగా ఉందామని మళ్లీ నడకకు అనుమతి అడుగుతూ అర్జీ పెట్టాను. అదే నేను చేసిన తప్పు. ఒక ఆఫీసులో ఇది మా పని కాదన్నారు. రెండో ఆఫీసు మళ్లీ మొదటి ఆఫీసుకే పంపింది. మూడో చోట గుమస్తా గారు కాగితం ఇటూ అటూ తిప్పి, "నడక ఎందుకు మాస్టారూ, బండి మాట్లాడుకుని పొద్దున్నే ఎక్కి సాయంత్రానికి దిగిపోండి, ఎవరూ అడగరు" అన్నారు. పేర్లు చెప్పను, వాళ్లూ రోజూ బజార్లో ఎదురయ్యే మనుషులే. పైగా ఆయన చెప్పింది అబద్ధం కాదు. నా బాధంతా అదే.

శివరాత్రికి ఈ కొండెక్కే జనాన్ని లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. కుంతి గుడికి, భీముడి గుడికి, ధర్మరాజు గుడికి గంజాం వైపు నుంచీ శ్రీకాకుళం వైపు నుంచీ వస్తూనే ఉంటారు. రానివ్వండి, నేనూ మా నాన్న భుజం మీద ఎక్కినవాణ్నే. వాళ్లను కాగితం అడిగేవాడు లేడు. మర్నాడు కొండ మీద మిగిలే గ్లాసులు, గుట్కా పొట్లాలు ఎవరివని అడిగేవాడూ లేడు. 2022లో రాష్ట్ర ప్రభుత్వమే ఈ కొండను జీవవైవిధ్య వారసత్వ స్థలమని ప్రకటించింది కదా. తమ చెత్త తామే సంచిలో వేసుకుని మోసుకుంటూ దిగే పద్నాలుగు మందికి మాత్రం సంతకం దొరకదు.

నడక అంటే ఏమిటో చెబుతాను, ఎందుకంటే విహారయాత్ర అనుకునేవాళ్లే ఎక్కువ.

బయల్దేరే ముందురోజు సంచులు తూచాం. మా వీధి చివరి చింతపండు షావుకారు కాటా అరువు తెచ్చాను. మోసే బరువు మనిషి బరువులో అయిదో వంతు దాటకుండా చూసుకోవాలి. 42 కిలోల పిల్ల తెచ్చిన సంచి 13 కిలోలు తూగింది. విప్పితే కిలో జంతికలు, స్టీలు డబ్బా నిండా ఆవకాయ, రెండు రగ్గులు, ఇస్త్రీ మడత నలగని చుడీదారు ఒకటి. "ఫొటోలకండి మాస్టారూ" అంది. ఎనిమిదికి దించాం. ఆవకాయ మాత్రం అందరి ఒత్తిడి మీద చిన్న సీసాలోకి మారి కొండెక్కింది.

రెండో రోజు మధ్యాహ్నానికి ఒకడి మడమ బొబ్బెక్కింది. కొత్త బూట్లు. చెప్పుకోడానికి సిగ్గుపడి గంటసేపు కుంటుతూనే నడిచాడు. నర్సమ్మ బొబ్బను చిదపకుండా, మెత్తటి గుడ్డను గారె ఆకారంలో కత్తిరించి చుట్టూ పెట్టి, పైన టేపు వేసింది. నీళ్లు తాగి లేచేసరికి వాడి సంచిలోని బియ్యం, గుడారం కర్రలు మిగతావాళ్ల సంచుల్లోకి వెళ్లిపోయి ఉన్నాయి. ఎవరూ చెప్పలేదు. ముప్పై ఏళ్లు గ్రౌండులో విజిల్ ఊదాను, ఆ పని పిల్లల చేత ఒక్కసారీ చేయించలేకపోయాను.

మూడో రాత్రి చీకట్లో కుక్క అరిచింది. ఊరు దగ్గర్లోనే ఉందని పిల్లలు సంబరపడ్డారు. "కుక్క కాదు బాబూ, కొండగొర్రె. దేన్నో సూసింది" అన్నాడు సవర కుర్రాడు. కొండగొర్రె అంటే కుక్కలా మొరిగే జింక. దేన్ని అని అడిగితే "అది దానికే ఎరిక" అని దుప్పటి ముసుగేసుకున్నాడు. ఆ రాత్రి పిల్లలకు నిద్ర లేదు. నాకూ లేదనుకోండి.

మా ఊరి పక్కనే పారే ఏటి పేరు మహేంద్రతనయ. ఆ పేరులోనే ఈ కొండ కూతురని ఉందన్న సంగతి కొండ మీద కూర్చున్నాక గాని మా పిల్లలకు తట్టలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు మా ఊళ్లో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకున్నారు, దానికి వ్యాకరణం రాశారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారు. ఏటా ఆగస్టు 29న ఆయన బొమ్మకు దండ వేసే పిల్లల్లో సవర మాట ఒక్కటి వచ్చినవాళ్లు ఎందరు? ఆ నాలుగు రోజుల్లో మావాళ్లకు ఇరవై మాటలు పట్టుబడ్డాయి. అందులో సగం తిట్లేనని కిందికి దిగాక తెలిసింది.

మీకు భయం ఉంటుంది, ఉండాలి కూడా. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మన గజపతి జిల్లాలోనే కొండచరియ విరిగిపడి ఎందరు పోయారో చూశాం. అదే ఏడాది మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల మీద కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా ట్రెక్కింగుకు వెళ్లినవాళ్లు చనిపోయారు. దాని తరవాత ఆ రాష్ట్రం అడవికి తాళం వేసి ఊరుకోలేదు. అదే ఏడు ట్రెక్కింగుకు నియమాలు రాసింది. 2024లో తానే నలభై దారులు తెరిచింది, స్థానిక గిరిజన యువకులకు శిక్షణ ఇచ్చి వాళ్లనే దారి చూపేవాళ్లుగా పెట్టింది. నేను అడుగుతున్నదీ అంతే. నియమాలు రాయండి. ఎంత కఠినంగా రాసినా సరే, కాగితం మీద ఉంటే పాటిస్తాం.

వానలప్పుడు, తుపాన్ల నెలల్లో, కార్చిచ్చు రేగే ఎండల్లో ఎవరినీ పంపకండి. నవంబరు చివరి నుంచి జనవరి దాకా తెరవండి, చాలు. ఏనుగుల జాడ తెలిసిన వారం ఆపేయండి, మారుమాట్లాడం. ఆరుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషి ఉండాలని రాయండి. ఆడపిల్లలుంటే ఆ పెద్దల్లో ఆడవాళ్లు ఉండి తీరాలి, నెలసరి వచ్చిన పిల్ల నాలాంటి ముసలి మాస్టారుతో ఏం చెప్పుకుంటుంది? పాము కాటు మందు ఏ ఆస్పత్రిలో ఉందో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోవాలని రాయండి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. అందుకే మేం ఒక్కరినీ బయట పడుకోనివ్వలేదు, గుడారం జిప్పు నేనే చూసి పడుకునేవాణ్ని. దొడ్డికి వాగు నుంచి డెబ్భై అంగల దూరం వెళ్లాలి, జానెడు లోతు గొయ్యి తీసి పూడ్చాలి. మొదటి రోజు ముక్కు మూసుకుని నవ్విన పిల్లలే మూడో రోజుకు గొయ్యి తీసే తాపీని వంతులవారీగా పంచుకున్నారు.

ఇక దారి చూపే సవర కుర్రాళ్ల సంగతి. ఆ ఇద్దరికీ మేం చందాలు వేసుకుని ఇచ్చింది దినకూలీ లెక్కన. వాళ్లకు తెలిసినదానికి అది కూలి కాదు, అవమానం. శిక్షణ ఇచ్చి, గుర్తింపు కార్డు ఇచ్చి, రోజుకింతని మీరే రేటు కట్టండి. ఆ డబ్బు మా దగ్గర ముందే కట్టించుకోండి. కొండచీపుళ్లు, చింతపండు అమ్ముకోడానికి సంతకు దిగే ఇళ్లలో అది నిజమైన ఆదాయం.

ఈ ఏడు పన్నెండు మంది పేర్లిచ్చారు. డిసెంబరు 24న బయల్దేరాలని ఉంది. గుడారాలు అద్దెకు తేవాలన్నా, పిల్లలు బూట్లు కొని ముందుగా నెల రోజులు తొడిగి అరగదీయాలన్నా, నవంబరు 20 లోపు అవునో కాదో తెలియాలి. కాదంటే ఎందుకు కాదో ఒక్క వాక్యం రాయించండి, తల్లిదండ్రులకు చూపిస్తాను. ఆనాటి 42 కిలోల పిల్ల ఇప్పుడు భువనేశ్వర్‌లో చదువుతోంది. సెలవులకు వచ్చి ఈసారి చిన్నవాళ్ల సంచులు తనే తూస్తానంది. షావుకారు మాత్రం కాటా అరువివ్వడం కుదరదు, అద్దె ఇవ్వాల్సిందే అంటున్నాడు.

ఇట్లు,
పర్లాకిమిడి డ్రిల్లు మాస్టారు