పక్షి దానంతట అది వచ్చేదాకా

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల టైమ్‌టేబుల్, యూనిఫాం సంగతులు ఈసారి చివరి పేజీలో ఉన్నాయి. ఈ పేజీ మాత్రం పక్షులకే ఇచ్చేశాను. పోయిన గురువారం మూడు, నాలుగు తరగతుల పిల్లల్ని భవనం లోపలే ఉండే పక్షుల జూకి తీసుకెళ్లి వచ్చాం. ఆ రోజు నుంచి మీ ఇళ్లలో పిల్లలు పడుకునేదాకా ఇదే కథ నడుస్తూ ఉండి ఉంటుంది. ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్పి ఉంటారు. వచ్చే వారం ఐదో తరగతి వాళ్లు వెళ్తున్నారు కాబట్టి, అక్కడ ఏం జరిగిందో నా మాటల్లో కూడా మీకు చెప్పాలనిపించింది.

బోనులు వరసగా పెట్టి, ఒక్కో దాని ముందు ఒక్కో బోర్డు తగిలించిన చోటు కాదది. గాజు పైకప్పు కింద పెద్ద పెద్ద హాళ్లు, లోపలే చెట్లు, చిన్న మడుగులు, ఒంటికి తగిలే వెచ్చని తేమ. పక్షులు మన తల మీదుగానే ఎగురుతుంటాయి. లోపలికి వెళ్లాలంటే రెండు తలుపులు దాటాలి. వెనక తలుపు పూర్తిగా మూసుకున్నాకే ముందు తలుపు తీస్తారు. లోపలి వెచ్చదనానికి, వేళకు అందే తిండికి అలవాటుపడ్డ పిట్ట పొరపాటున బయటపడితే బతకడం కష్టం. ఆ రెండు తలుపుల మధ్య ఇరుకు గదిలో పిల్లలు ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే గొంతులు తగ్గిపోయాయి. అవతలి నుంచి అరుపులు మాత్రం గట్టిగా వినిపిస్తున్నాయి. అవి లోరికీట్లు.

లోరికీట్ అంటే చిలుకల జాతిదే. తల నీలం, ఛాతీ నారింజ, వీపు ఆకుపచ్చ, ముక్కు ఎరుపు. మన చిలుకలు గింజలు కొరుక్కు తింటాయి కదా, ఇవి ఎక్కువగా పూల మకరందం, పుప్పొడి తిని బతుకుతాయి. అందుకే కీపర్ పిల్లలకు గింజలు ఇవ్వలేదు. చిన్న చిన్న కప్పుల్లో వాటి కోసమే కలిపిన మకరందం పోసి ఇచ్చింది. కప్పు కదలకుండా పట్టుకోవాలి, రెండో చేతిని కిందికి వదిలేయాలి, పక్షిని ముట్టుకోకూడదు. నాలుగో తరగతి పాప ఒకతి ముంజేతి మీద ఒకటి వచ్చి వాలింది. నేను పక్కనే ఉన్నాను. పక్షి ముక్కు కప్పులో పెట్టి నాలుక చాచింది. ఆ నాలుక కొసన సన్నని పోగుల్లాంటివి లేచి కుంచెలా విచ్చుకున్నాయి. ఆ కుంచెతోనే మకరందాన్ని అద్దుకుని లోపలికి లాక్కుంటుంది. కప్పు అంచున చిన్న చిన్న బుడగలు. పాప నా వైపు తల కూడా తిప్పకుండా, పెదవులు మాత్రం కదిలిస్తూ, "గోళ్లు గుచ్చుకుంటున్నాయి మేడమ్, అయినా నేను కదలను" అంది. తరగతిలో రెండు నిమిషాలు కుదురుగా కూర్చోలేని పిల్ల అని టీచర్లందరికీ తెలుసు. ఆ రోజు కప్పు ఖాళీ అయ్యేదాకా అలాగే నిలబడింది.

ఇక్కడ నా వల్ల జరిగిన పొరపాటు ఒకటి చెప్పాలి. పిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టును ఉదయం, ఇంకో జట్టును మధ్యాహ్నం లోరికీట్ల హాల్లోకి పంపేలా ప్లాన్ చేసింది నేనే. ఉదయం జట్టులో చాలామంది చేతుల మీద పక్షులు వాలాయి. మధ్యాహ్నానికి వాటి కడుపులు నిండాయి. ఒక్కో పక్షికి రోజుకు ఎంత తిండి అన్నది లెక్క ప్రకారం ఉంటుంది, అంతకు మించి తాగించరు. నిండిన పక్షులు ఎత్తు కొమ్మల మీదికి చేరి ఈకలు సర్దుకుంటూ కూర్చున్నాయి. వాటిని ఎవరూ కిందికి రప్పించరు. మూడో తరగతి బాబు ఒకడు కప్పు పట్టుకుని చేయి చాచి చాలాసేపు నిలబడ్డాడు. చేయి వణుకుతుంటే రెండో చేత్తో మోచేతిని ఆనించి పట్టుకున్నాడు. ఒక్క పక్షి కూడా రాలేదు. బస్సెక్కాక కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. ముందే జూకి ఫోన్ చేసి ఏ వేళకు వస్తే బాగుంటుందని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. మధ్యాహ్నం జట్టు పిల్లలకు నేను ఇప్పటికే సారీ చెప్పాను, మీకూ చెప్తున్నాను.

ఆ మర్నాడు ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు నన్ను అడిగారు: టికెట్ అందరికీ ఒకటే కదా, మా పిల్లవాడి చేతి మీద ఎందుకు వాలలేదు అని. బాధతో అడిగిన మాటే అది. నేను చెప్పిన జవాబే ఇక్కడా రాస్తున్నాను. వాలుతుందని గ్యారంటీ ఇచ్చే చోటు ఏదైనా ఉంటే నేను మన పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లను. ఆకలితో మాడ్చిన పక్షి ఎవరి చేతి మీదైనా వాలుతుంది. రెక్కలు కత్తిరించిన పక్షిని ఎవరి భుజం మీదైనా కూర్చోబెట్టొచ్చు. మేము వెళ్లిన చోట ప్రతి హాల్లోనూ మనుషులకు అందని కొమ్మలు ఉన్నాయి, సందర్శకులు అడుగు పెట్టకూడని మూలలు ఉన్నాయి. ఇష్టమైతే దిగుతాయి, లేకపోతే లేదు. ఆ బాబుకు కన్నీళ్లు తెప్పించింది కూడా ఈ పద్ధతే అని నాకు తెలుసు. అయినా ఈ పద్ధతినే నేను నమ్ముతాను.

టూకాన్ దగ్గర పిల్లల ప్రశ్నలకు అంతు లేకుండా పోయింది. దాని ముక్కు ఒంటి పొడవులో దాదాపు మూడో వంతు ఉంటుంది. అంత ముక్కు మోస్తూ ముందుకు తూలిపోదా అని ఒకడి సందేహం. పైన గట్టి పెంకు, లోపలంతా స్పాంజి లాంటి ఎముక, మధ్యలో గాలి. అందుకే చూడ్డానికి అంత పెద్దదైనా బరువు తక్కువ. ఒళ్లు వేడెక్కితే ఆ ముక్కు గుండానే వేడిని బయటికి పంపేస్తుంది. పిల్లలు పొడవాటి పట్టకారుతో బొప్పాయి ముక్కలు అందించారు. టూకాన్ ఆ పండు ముక్కను తన ముక్కు కొసతో అందుకుని, తల వెనక్కి విసిరి గొంతులో వేసుకుంటుంది. నారింజ తొనలు పెట్టొచ్చా అని అడిగితే కీపర్ వద్దంది. టూకాన్ల ఒంట్లో ఇనుము సులభంగా పేరుకుపోయి కాలేయం పాడవుతుందట. పుల్లటి పండ్లలోని విటమిన్ సి ఆ ఇనుమును ఇంకా ఎక్కువగా ఒంట పట్టిస్తుంది. మనకు మంచిదని ఇచ్చేది దానికి చేటు. ఇదే వరసలో ఒక పిల్ల, "మరి చిలుకలు మిరపకాయలు తింటాయి కదా, నోరు మండదా?" అంది. మండదు. కారాన్ని మంటగా మనకు తెలియజెప్పే నరాల ఏర్పాటు పక్షుల్లో ఆ పదార్థానికి స్పందించదు. ఈ ఒక్క జవాబును ఆ పిల్ల బస్సులో అందరికీ మళ్లీ మళ్లీ చెప్పింది.

పెంగ్విన్‌లకు చేపలు వేసే వేళ పది నిమిషాలే. చేపను తల ముందుగా పెట్టాలన్నది అక్కడి నియమం. తోక ముందు పోతే పొలుసులు, రెక్కలు గొంతులో అడ్డం తిరుగుతాయి. ఒక బాబు తడబడి తోక వైపు నుంచి ఇచ్చాడు. పెంగ్విన్ మింగలేదు, ముక్కులోనే చేపను రెండు మూడుసార్లు తిప్పి, తల ముందుకు తెచ్చుకుని అప్పుడు మింగింది. దాని నోట్లో, నాలుక మీద వెనక్కి వంగిన ముళ్లలాంటివి ఉంటాయి, జారే చేప బయటికి పోకుండా. అది నోరు తెరిచినప్పుడు చూసి పిల్లలు ఒక్కసారిగా వెనక్కి జరిగారు.

గుడ్లగూబకు మేం ఏమీ తినిపించలేదు, చూశామంతే. హాలు ఈ చివర నుంచి ఆ చివరికి పిల్లల తలల మీదుగా ఎగిరింది. రెక్కల చప్పుడు వినిపిస్తే చేయెత్తండి అన్నాడు అక్కడి కీపర్. ఒక్క చేయీ లేవలేదు. రెక్క అంచున ఈకలు దువ్వెన పళ్లలా చీలి ఉంటాయి, గాలిని చప్పుడు కాకుండా చీల్చుతాయి. దాని కళ్లు మన కళ్లలా గుంతల్లో తిరగవు, అందుకని మెడనే 270 డిగ్రీల దాకా తిప్పుతుంది. మన మెడలో 7 ఎముకలుంటే దాని మెడలో 14.

ఒక అమ్మాయి గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. పక్షులు మీద వాలతాయంటే తనకు భయం. లోరికీట్ల తలుపు దగ్గర ఆగిపోయింది. ఎవరూ బలవంతం చేయలేదు. ఒక టీచర్ తనతో పాటు ఫ్లెమింగోల మడుగు పక్కన బల్ల మీద కూర్చుంది. మేమంతా తిరిగి వచ్చేసరికి ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో మూడు పేజీల బొమ్మలు ఉన్నాయి. ఫ్లెమింగో తలను తలకిందులుగా నీళ్లలో ముంచి తింటుందని, ముక్కు అంచుల గుండా నీళ్లు బయటికి వచ్చేస్తున్నాయని, గుంపులో ఒకటి మాత్రం బూడిద రంగులో ఉందని రాసుకుంది. ఆ ఒకటి ఎందుకలా ఉందని కీపర్‌ని తనే వెళ్లి అడిగింది. పుట్టినప్పుడు అన్నీ అలాగే ఉంటాయి, తినే తిండిలోని రంగు పదార్థం ఈకల్లోకి చేరి గులాబీ రంగు రావడానికి రెండు మూడేళ్లు పడుతుందని తెలుసుకుని వచ్చింది. ఆ రోజు ఒక్క పక్షినీ దగ్గరికి రానివ్వని పిల్ల అది. ఆ మూడు పేజీలూ ఇప్పుడు ఆఫీసు గది బయట గోడ మీద ఉన్నాయి, వచ్చినప్పుడు తప్పకుండా చూడండి.

ఐదో తరగతి తల్లిదండ్రులకు కొన్ని మాటలు. ఆ రోజు పాత బట్టలు వేసి పంపండి, రెట్ట పడుతుంది, మరక అంత తొందరగా వదలదు. చెవి దుద్దులు, పూసల గొలుసులు, మెరిసే హెయిర్ క్లిప్పులు ఇంట్లోనే ఉంచండి. చిలుకల ముక్కుకు అవి తెగిపోవడం ఒక్క క్షణం పని. కళ్లజోడు ఉన్నవాళ్లకు వెనక తాడు కట్టి పంపండి. సెంటు, బాడీ స్ప్రే వద్దు. పక్షుల ఊపిరితిత్తులు మనకన్నా చాలా సున్నితం. జేబుల్లో తినేవి ఏవీ పెట్టకండి. మీ ఇంట్లో కోళ్లుగానీ పెంపుడు పక్షులుగానీ ఉండి, వాటికి ఈమధ్య జబ్బు చేసి ఉంటే క్లాస్ టీచర్‌కు తప్పకుండా చెప్పండి. మన చెప్పుల మీద, బట్టల మీద ఆ జబ్బు అక్కడి పక్షులకు చేరకూడదు.

ఆస్తమా ఉన్న పిల్లల విషయంలో మాత్రం ముందుగా నాతో మాట్లాడండి. ఈకల నుంచి రాలే దుమ్ము కొందరికి పడదు. ఇన్‌హేలర్ టీచర్ దగ్గర ఉంటుంది. ప్రతి హాలు నుంచి బయటికి వచ్చాక సబ్బుతో చేతులు కడిగిస్తాం, కడిగేదాకా ఎవరూ ఏమీ తినరు. వెళ్లొచ్చిన రెండు వారాల్లో గట్టి జ్వరం, పొడిదగ్గు వస్తే, పక్షుల దగ్గరికి వెళ్లొచ్చాడన్న మాట డాక్టర్‌కు చెప్పండి. సిట్టకోసిస్ అని పక్షుల నుంచి సోకే జబ్బు ఒకటుంది. అరుదుగా వస్తుంది, మందులతో తగ్గుతుంది. టెన్షన్ పడక్కర్లేదు, కానీ ఆ ఒక్క మాట చెబితే డాక్టర్‌కు వెతుకులాట తగ్గుతుంది.

చాలామంది పిల్లలు ఇప్పుడు చిలుకను కొనమని అడుగుతున్నారని విన్నాను. తొందరపడకండి. మకావ్ లాంటి పెద్ద చిలుక 50 ఏళ్లకు పైగా బతకగలదు, పిల్లవాడు పెద్దయ్యి ఇల్లు విడిచి వెళ్లాక కూడా అది ఉంటుంది. ఒంటరిగా వదిలేస్తే తన ఈకలు తనే పీక్కుంటుంది. ఇప్పటికే ఇంట్లో పక్షి ఉన్నవాళ్లు వంటింట్లో జాగ్రత్తగా ఉండండి. నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మర్చిపోతే వచ్చే పొగ పంజరంలోని పక్షిని నిమిషాల్లో చంపేయగలదు. చాక్లెట్, అవకాడో వాటికి విషం. కిటికీ దగ్గరికి వచ్చే పిట్టల కోసమైతే రోజూ మార్చే శుభ్రమైన నీళ్లు, కొన్ని గింజలు చాలు. బ్రెడ్డు ముక్కలు కడుపు నింపుతాయే గానీ బలాన్నివ్వవు.

ఐదో తరగతి అనుమతి పత్రాలు సోమవారంలోగా అందాలి. ఈసారి జూకి ఫోన్ చేసి అడిగాను, తలుపులు తెరిచిన వెంటనే వచ్చేయమన్నారు, అప్పటికి పక్షులకు అదే మొదటి తిండి. మధ్యాహ్నం జట్టులో ఏ పక్షీ వాలని పిల్లలందరికీ ఐదో తరగతి బస్సుల్లో చోటు ఉంచాం, వాళ్లు మళ్లీ టికెట్ కట్టక్కర్లేదు. బస్సులో ఏడ్చిన బాబును నిన్న పిలిచి అడిగాను, వస్తావా అని. వస్తానన్నాడు. ఈసారి వాలుతుందా మేడమ్ అన్నాడు. ఆ మాట నేను ఇవ్వలేదు. అందరికన్నా ముందు లోపలికి వెళ్లేది నువ్వేనని మాత్రం మాటిచ్చాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు