మెదక్ చర్చి కథలో కరువు కూలీల ఊసేదీ?

సంపాదకుల వారికి నమస్కారాలు.

డిసెంబరు దగ్గర పడగానే మెదక్ చర్చి గురించి వచ్చే కథనాలన్నీ దాదాపు ఒకే మూసలో ఉంటున్నాయి. గంట గోపురం ఎత్తు 175 అడుగులని, అది చార్మినార్‌ను మించకూడదని నిజాం ప్రభువు పట్టుబట్టాడని చెప్పి ఊరుకుంటున్నారు. వినడానికి రంజుగానే ఉన్నా, ఈ ఎత్తుల లెక్కలో పడి ఆ గోపురాన్ని లేపిన మనుషులను మరచిపోవడం బాధ కలిగిస్తోంది.

1895లో సికింద్రాబాద్ చేరి, మొదట తిరుమలగిరి దండులో బ్రిటిష్ సైనికుల మధ్య మత సేవ చేసిన వెస్లియన్ మెథడిస్టు (జాన్ వెస్లీ బోధనల నుంచి పుట్టిన ప్రొటెస్టెంటు శాఖ) మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్, ఆ కొలువు నచ్చక పల్లెల దారి పట్టి మెదక్‌లో స్థిరపడ్డారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కరువు కమ్ముకొని జనం తిండికి అలమటిస్తున్నప్పుడు, ఊరికే దానం చేయడం కంటే పని చూపి తిండి పెట్టడం మేలని తలచి, ఈ నిర్మాణాన్నే అందుకు ఆధారం చేసుకున్నారు. 1914లో మొదలైన పని పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న ఆలయ ప్రతిష్ఠ జరిగింది. రాళ్లు మోసి, సున్నం కలిపి ఆ పదేళ్లు గడిపినవారు మన మెతుకు సీమ పల్లెల వారే.

కట్టడం తీరు కూడా ఆలోచించదగినదే. జాన్ వెస్లీ కాలం నుంచి మెథడిస్టుల మందిరాలు సాదాసీదాగా, ప్రసంగ వేదికే ప్రధానంగా ఉండేవి. ఇంగ్లండ్‌లోని బోల్టన్‌కు చెందిన బ్రాడ్‌షా గ్యాస్ అండ్ హోప్ సంస్థ రూపకల్పనలో మెదక్‌లో లేచింది మాత్రం మొనదేలిన కమానులతో, శిఖరాలతో, 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గల గోథిక్ భవనం. అయినా మెథడిస్టు ముద్ర పోలేదు: అంత ఎత్తైన లోకప్పు కింద మాట మారుమోగి చెదరకుండా, చివరి వరుసలో కూర్చున్నవారికీ ప్రసంగం స్పష్టంగా వినబడాలని, పైకప్పు లోపల శబ్దాన్ని పీల్చుకొనే పదార్థాన్ని అమర్చారు. నా దృష్టిలో గోపురం కంటే ఇదే గొప్ప పనితనం.

ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దాల కిటికీలలో బలిపీఠం వెనుక ఉన్న క్రీస్తు ఆరోహణం 1927లోనూ, జననం 1947లోనూ, సిలువ ఘట్టం 1958లోనూ అమరాయి. సీసపు పట్టీలతో అతికిన ఆ గాజు ముక్కలు బయటి నుంచి నల్లగా కనిపిస్తాయి; లోపల నిలబడి, వెనుక ఎండ ఉన్నప్పుడు చూస్తేనే బొమ్మ పలుకుతుంది. పొద్దుగూకాక వచ్చే యాత్రికులకు ఈ సంగతి ముందుగా చెప్పేవారు లేరు.

మరొక మాట. కట్టినప్పుడు ఇది కథీడ్రల్, అంటే బిషప్ పీఠం ఉండే చర్చి, కాదు. బ్రిటిష్ వెస్లియన్ మెథడిస్టులలో బిషప్పులు లేరు. 1947 సెప్టెంబరులో పలు ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడి, మెదక్ అధ్యక్ష మండలానికి (డయోసీస్‌కు) బిషప్ వచ్చాకనే దీనికి ఆ హోదా దక్కింది. ఆ ఐక్యతలో చేరని అమెరికన్ మెథడిస్టుల సంఘాలు వికారాబాద్, జహీరాబాద్ వైపు నేటికీ మెథడిస్టు పేరుతోనే కొనసాగుతున్నాయి. ఈ తేడా తెలియక రెండింటినీ కలిపి రాసేవారు కొందరున్నారు.

కనుక చర్చి పెద్దలకు, పర్యాటక శాఖకు నాది ఒకటే విన్నపం. ప్రాంగణంలో అందరికీ కనబడే చోట తెలుగు, ఉర్దూ భాషల్లో ఈ నిర్మాణ చరిత్రను కరువు పనితో సహా రాయించాలి. పాత మిషన్ కాగితాల్లో మేస్త్రీల, కూలీల పేర్లు ఏవైనా దొరికితే వాటినీ చేర్చాలి. తాతలు, ముత్తాతలు ఆ పనికి పోయారని చెప్పుకొనే కుటుంబాల్లోని వృద్ధుల మాటలను ఈ ఏడాదే రికార్డు చేయిస్తే మంచిది. క్రిస్మస్ రద్దీ మొదలయ్యేలోగా ఆ పని పూర్తి చేయవచ్చు.

– ఒక పాఠకుడు, మెదక్ జిల్లా