ఏడాది పాటు మరో ఇంటి బిడ్డగా

సంపాదకులకు నమస్కారం.

విదేశీ విద్య గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు ఎంఎస్ సీట్లు, బ్యాంకు రుణాల చుట్టూనే తిరుగుతుంటాయి. హైస్కూలు వయసు పిల్లలు సాంస్కృతిక మార్పిడి పథకాల కింద అమెరికా వెళ్లి, ఒక కుటుంబంతో కలిసి ఉంటూ, ఆ ఊరి బడిలో ఏడాది చదివి తిరిగివచ్చే ఏర్పాటు కూడా ఉంది. దానికి కావలసిన సన్నాహం వేరు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో, అంబులెన్సు దళంగా పుట్టిన ఏఎఫ్ఎస్ (అమెరికన్ ఫీల్డ్ సర్వీస్) అనే సంస్థ 1947 నుంచి ఈ పనిలో ఉంది. అమెరికా కాంగ్రెస్ 2002లో నెలకొల్పిన కెనెడీ-లూగర్ అనే విద్యార్థి మార్పిడి పథకం కింద మన దేశపు విద్యార్థులూ వెళ్లివచ్చారు.

ఈ పథకాల్లో అమెరికాలో ఆతిథ్యమిచ్చే కుటుంబానికి జీతభత్యాలేమీ ఉండవు. వాళ్లు ఇష్టపడి తమ ఇంట్లో చోటిస్తారు. కాబట్టి వెళ్లిన పిల్లవాడు అక్కడ అతిథీ కాడు, అద్దెకున్నవాడూ కాడు. తిన్న పళ్లెం తీయడం, బట్టలు ఉతుక్కోవడం, చెత్తడబ్బా వీధిలో పెట్టడం, స్నానాలగది శుభ్రం చేయడం ఆ ఇంటి పిల్లలతో పాటు అతని వంతుకూ వస్తాయి. 'నువ్వు చదువుకో నాయనా, మిగతావి మేం చూసుకుంటాం' అంటూ మంచినీళ్ల గ్లాసు కూడా చేతికందించి పెంచిన మన పిల్లలకు ఇంగ్లిష్ కంటే ఇదే కష్టమవుతుంది. పిల్లల ఎంపిక ఖాయమైన రోజునే తల్లిదండ్రులు స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు వెతకడం మొదలుపెడతారు గానీ, ప్రయాణానికి ముందుండే మూడు నాలుగు నెలలూ ఇంటిపని నేర్పడం ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం. ఆడపిల్లలకు అంతో ఇంతో అలవాటుంటుంది. మగపిల్లల విషయంలోనే మనం మరీ గారాబం చేస్తాం.

రెండోది, మన సంగతులు మనకు తెలిసి ఉండడం. అక్కడి వాళ్లు పండుగల గురించే కాదు, కులం గురించి, పెద్దలు కుదిర్చే పెళ్లిళ్ల గురించి కూడా అడుగుతారు. ఓరుగల్లు ప్రాంతంలో పుట్టి, బతుకమ్మలో పేర్చే తంగేడు, గునుగు పూలను గుర్తుపట్టలేని పిల్లలు హాస్టల్ చదువుల పుణ్యమా అని ఇప్పుడు తక్కువేమీ కాదు. కనీసం పులిహోర కలపడమైనా నేర్చుకుని వెళ్తే మంచిది. పచ్చి కరివేపాకు, బియ్యం, కోడిమాంసం పచ్చడి వంటివి పెట్టెలో సర్దకండి, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. శాకాహారులైతే ఆ మాట దరఖాస్తులోనే స్పష్టంగా రాయాలి.

అమెరికా బడులు టీకాల రికార్డు అడుగుతాయి. ఆటలమ్మ టీకా మన ప్రభుత్వ పట్టికలో లేదు కనుక చాలామందికి వేసి ఉండదు. చిన్నప్పుడు బీసీజీ (క్షయ టీకా) వేయించుకున్నవారికి చర్మంపై చేసే క్షయ పరీక్షలో జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు. దానికి బదులు చేసే క్షయ రక్తపరీక్ష సంగతి ఇక్కడే వైద్యుణ్ని అడిగి తెలుసుకుంటే అక్కడ కంగారు తప్పుతుంది.

తల్లిదండ్రులు కూడా సిద్ధపడాలి. రోజూ రాత్రి వీడియో కాల్ చేసి 'ఏం తిన్నావు?' అని అడుగుతుంటే పిల్లల మనసు కొత్త ఇంట్లో కుదురుకోదు. వారానికొకసారి మాట్లాడితే చాలు. ఇంకొక మాట కొందరికి రుచించకపోవచ్చు. ప్రభుత్వ నిధులతో జే-1 (మార్పిడి పథకాలకిచ్చే) వీసాపై వెళ్లినవారు తిరిగివచ్చి స్వదేశంలో రెండేళ్లు గడిపే వరకు మామూలుగా హెచ్-1బీ వీసాకు గానీ గ్రీన్‌కార్డుకు గానీ అర్హులు కారు. దీన్ని అమెరికాలో స్థిరపడడానికి తొలిమెట్టుగా భావించేవారు ఈ పథకం జోలికి పోకపోవడమే మేలు.

చివరిగా చదువు సంగతి. ఇంటర్మీడియట్‌లో రెండేళ్లూ పబ్లిక్ పరీక్షలే గనుక మొదటి సంవత్సరం మధ్యలో వదిలి వెళ్లడం చిక్కు తెస్తుంది. పదో తరగతి ముగించి, ఆగస్టులో వెళ్లి, మరుసటి వేసవికి తిరిగివచ్చి ఇంటర్‌లో చేరడం నయం. ఒక ఏడాది వెనకబడతామన్నది నిజమే, దాన్ని ముందే ఒప్పుకుని వెళ్లాలి. ఇప్పటికే కళాశాలలో చేరినవారు మాత్రం సీటు నిలిపి ఉంచుతామన్న నోటిమాటతో సరిపెట్టుకోకుండా, టికెట్ కొనకముందే ప్రిన్సిపాల్ సంతకంతో కాగితం తీసుకోవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హనుమకొండ.