మన రామాలయం భజనకి రెండు మైకులు కావాలి, తలా ఓ చెయ్యి వేయండి

అందరికీ నమస్కారం. పోయిన శ్రీరామనవమికి ఏకాహ భజన అంతా ఫోన్లో రికార్డు చేశాం కదా, ఎలా వచ్చిందో విన్నవాళ్ళకి తెలుసు. తాళాలు ఘల్లుమనగానే ఫోను తనంతట తనే సౌండు తగ్గించేస్తుంది, గొంతులు మళ్ళీ మెల్లగా పైకి వచ్చేలోపు ఇంకో దెబ్బ. హార్మోనియం తాతగారు ఎత్తుకున్న పల్లవులు సగం అలాగే పోయాయి. రామదాసు కీర్తనలకి ఆయన పాడే పాత వరుసలు మనలో ఇంకెవరికీ పూర్తిగా రావు, అందుకే ఈ తొందర.

గుడికి మైకులు ఉన్నాయిగా, మళ్ళీ ఎందుకు అని కమిటీలోనే అడిగారు. అడగాల్సిందే. అవి డైనమిక్ మైకులు, నోటికి బెత్తెడు దూరంలో పెట్టుకుంటేనే బాగా పలుకుతాయి. ఏడెనిమిది అడుగుల అవతల నుంచి పన్నెండు మంది కలిసి పాడేది పట్టాలంటే కండెన్సర్ మైకులే కావాలి. పోనీ మనిషికో మైకు పెడదామంటే పెద్ద మిక్సరు, బోలెడు వైర్లు, పైగా ఎవరి గొంతు ఎంత పెంచాలో తేల్చే పంచాయితీ మన నెత్తిన పడుతుంది, ఆ టెన్షన్ వద్దు బాబూ! మండపంలో కూర్చుంటే ఎలా వినపడుతుందో అలా రావాలి, దానికి స్టీరియోలో, అంటే కుడి ఎడమలు వేరువేరుగా పట్టేలా, రెండు చాలు.

పెద్ద డయాఫ్రమ్ (శబ్దానికి అదిరే లోపలి పొర) ఉన్న మైకులు చూడ్డానికి దర్జాగా ఉంటాయి, ఒక్కరు పాడేటప్పుడు బాగుంటాయి. కానీ బృందం మొత్తం పరుచుకుని కూర్చున్నప్పుడు పక్కల నుంచి వచ్చే శబ్దాన్ని పెద్దగా మార్చకుండా పట్టేవి పెన్నులా సన్నగా ఉండే చిన్న డయాఫ్రమ్ మైకులే. వాటినీ జోడీ కుదిర్చి అమ్మేవే కొనాలి, లేకపోతే భజన ఒక పక్కకి ఒరిగినట్టు వినిపిస్తుంది. రోడ్ అనే కంపెనీ ఎన్‌టీ5 మైకుల జత చూశాం, దాని సొంత రొద (మైకు తనంతట తను చేసే సన్నటి చప్పుడు) 16 డెసిబెల్సే, కానీ ధర మన స్థాయి కాదు. అదే కంపెనీ ఎం5 జతకి 19. మన మండపం ఫ్యాన్ల చప్పుడు ముందు ఆ మూడు డెసిబెల్స్ ఎవరికి తెలుస్తాయి చెప్పండి? అందుకే ఎం5 అనుకున్నాం.

వీటికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరులోంచే అందే కరెంటు) కావాలి కాబట్టి అది ఇచ్చే, రెండు మైకులు పట్టే ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుల శబ్దాన్ని రికార్డింగుకి కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) ఒకటి, పొడవాటి స్టాండు, రెండు మైకులనీ దాని మీద బిగించే అడ్డపట్టీ కూడా కొనాలి. 17 సెంటీమీటర్ల ఎడంలో, 110 డిగ్రీలు విచ్చుకునేలా, అందరి తలల కంటే ఎత్తులో పెడతాం, ఇది ఫ్రెంచ్ రేడియో వాళ్ళ పద్ధతి. తాళాలవాళ్ళు మాత్రం వెనక వరసలో కూర్చోవాలి, ఏమీ అనుకోకండి.

అన్నీ కలిపి 42 వేలు అంచనా వేశాం. కమిటీ సభ్యులం 15 వేలు వేసుకున్నాం, ఇంకా 27 వేలు కావాలి. వందైనా రెండొందలైనా సంతోషమే. రసీదు పుస్తకం పూజారిగారి దగ్గర ఉంది, ఊళ్ళో లేనివాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళ చేత పంపండి. కొన్న బిల్లులు నోటీసు బోర్డుకి అంటిస్తాం. ధనుర్మాసం భజనలకి అందితే తాతగారితోనే మొదలుపెడతాం.

అన్నట్టు, మైకులు వచ్చాక ఎవరూ వేలితో కొట్టి, ఉఫ్ అని ఊది చూడొద్దు. లోపలి పొర చాలా పల్చన.